కోనసీమ కాలువ గట్లు, మారేడుమిల్లి ఘాట్: గ్రావెల్ రైడ్‌కి మీ చేతిలో ఉన్న ఫోన్ సరిపోతుందా?

గ్రావెల్ సైక్లింగ్ వీడియోలు చూసినవాళ్లకి ఒక సీన్ బాగా గుర్తుంటుంది. కాలిఫోర్నియాలో ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్లు, వాటి మధ్య మెలికలు తిరిగే మట్టి దారి, హ్యాండిల్ మీద వేలకు వేలు పోసి కొన్న జీపీఎస్ సైకిల్ కంప్యూటర్. చూడగానే మనకి వచ్చే మొదటి డౌట్ ఒకటే: ఇదంతా మన దగ్గర కుదురుతుందా? రెండో డౌట్: ఆ సైకిల్ కంప్యూటర్ కొనకుండా జేబులో ఉన్న ఫోన్‌తో పని అవుతుందా?

మాది కొత్తపేట మండలం పలివెల. ఉమా కొప్పులింగేశ్వర స్వామి గుడి ఉన్న ఊరు. ఇంట్లోంచి సైకిల్ తీస్తే చాలు, ఏ వైపు వెళ్లినా ఏదో ఒక కాలువ గట్టు తగులుతుంది. రెండు డౌట్లకీ నా సమాధానం "అవును" అనే. కాకపోతే ఫోన్ స్క్రీన్ మీద కనిపించే మూడు విషయాల్ని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు: దారి గీత, ఎత్తు, సిగ్నల్. ఈ మూడూ ఎక్కడ నిజం చెప్తాయో, ఎక్కడ తప్పుతాయో తెలిస్తే మామూలు మిడ్‌రేంజ్ ఫోన్ కూడా మంచి సైకిల్ కంప్యూటరే. తెలియకపోతే లక్ష రూపాయల ఫోన్ కూడా మిమ్మల్ని సాయంత్రం ఆరున్నరకి వంతెన లేని కాలువ ఒడ్డున నిలబెడుతుంది.

ఇంతకీ గ్రావెల్ బైకింగ్ అంటే ఏంటి?

రోడ్ సైకిల్ వేగం, మౌంటెన్ బైక్ మొండితనం మధ్యలో ఉండేదే గ్రావెల్ బైక్. కిందికి వంగిన హ్యాండిల్, 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, తారు మీదా మట్టి మీదా ఒకేలా నడిచే ఫ్రేమ్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలో 2006లో మొదలైన 200 మైళ్ల రేస్ (ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్ గ్రావెల్) ఈ ఆటకి పెద్ద ఊపు ఇచ్చింది. 2022లో యూసీఐ మొదటిసారి ఇటలీలో గ్రావెల్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ పెట్టింది.

తమాషా ఏంటంటే, గ్రావెల్ అనే మాట మన పల్లెలకి కొత్త కాదు. "ఈ ఏడు మా పుంతకి గ్రావెల్ తోలారు" అని గోదావరి జిల్లాల్లో ఏ రైతు నోటయినా వినొచ్చు. ఎర్ర కంకర మట్టి పోసి తొక్కించిన దారి అది. సైకిల్ కంపెనీలు ఆ మాటకి రేటు కట్టాయి, అంతే.

ఖరీదైన గ్రావెల్ బైకే కావాలని లేదు. కాస్త వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ లేదా ముందు సస్పెన్షన్ ఉన్న ఎంటీబీ సరిపోతుంది. టైర్లలో గాలి మాత్రం తారు రోడ్డు మీద కొట్టినంత గట్టిగా కొట్టకండి. కాస్త మెత్తగా ఉంటే పట్టు పెరుగుతుంది, ఫోన్‌కి తగిలే అదురు కూడా తగ్గుతుంది.

మన దగ్గర ఏ దారులున్నాయి?

నేను తిరిగేవి నాలుగు రకాలు. ఫోన్‌కి ఒక్కో రకం ఒక్కో పరీక్ష.

మొదటిది కాలువ గట్టు. సర్ ఆర్థర్ కాటన్ హయాంలో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852 నాటికి పూర్తయింది. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమకి నీళ్లిచ్చే సెంట్రల్ డెల్టా ప్రధాన కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలవుతుంది, లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోతుంది. ఈ కాలువలు అప్పట్లో పడవలు నడిచిన దారులు కూడా. అందుకే చాలాచోట్ల గట్టు వెడల్పుగా, వాలు లేకుండా, చెట్ల నీడన సాగుతుంది. సైకిల్ కోసమే వేశారా అనిపిస్తుంది.

రెండోది ఏటిగట్టు. గోదావరి వరద ఊళ్లలోకి రాకుండా కట్టిన ఎత్తయిన కట్ట. కొంత తారు, కొంత గ్రావెల్, కొంత వట్టి మట్టి. మూడోది పుంత, అంటే చేలకీ కొబ్బరి తోటలకీ వెళ్లే బండి బాట. నాలుగోది మా కోనసీమలో అసలు దొరకనిది: కొండ. దానికోసం రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి వెళ్లాల్సిందే. "పుష్ప" సినిమాలో ఎర్రచందనం లారీలు తిరిగిన అడవి చాలావరకు అక్కడ తీసిందే. నిజం ఎర్రచందనం ఉండేది శేషాచలం వైపు. మన భాషలో రెడ్‌వుడ్ అంటే అదే అనుకున్నా, సైకిల్‌కి అనువైనది మాత్రం మారేడుమిల్లే.

మొదటి విషయం: మ్యాప్‌లో గీత ఉంటే దారి ఉన్నట్టేనా?

కాదు. గీత అంటే "ఎవరో ఒకప్పుడు ఇక్కడ దారి ఉందన్నారు" అని అర్థం. అంతకుమించి కాదు.

గూగుల్ మ్యాప్స్‌లో మన దేశం కోసం టూవీలర్ మోడ్ 2017 డిసెంబర్‌లో వచ్చింది. అది బండికి పనికొస్తుంది. కానీ అది మిమ్మల్ని ఎప్పుడూ తారు రోడ్డు మీదకే లాగుతుంది, గట్టు దారిని లెక్కలోకి తీసుకోదు. గ్రావెల్ రూట్‌కి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా వాడే యాప్‌లు నయం. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ రెండూ ఫోన్‌లోకి మ్యాప్ మొత్తం దించుకుని నెట్ లేకుండా పనిచేస్తాయి. సైకిల్‌కి రూట్ కూడా గీస్తాయి. జీపీఎక్స్ ఫైల్ ఇస్తే ఆ గీతని మ్యాప్ మీద చూపిస్తాయి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టి దారిని "ట్రాక్" అని గుర్తిస్తారు. దాని గట్టిదనానికి గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 5 దాకా ట్యాగ్‌లు ఉంటాయి. 1 అంటే గట్టిగా తొక్కించిన దారి, 5 అంటే మెత్తటి మట్టి. మ్యాప్ గీసినవాళ్లు ఆ ట్యాగ్ పెట్టకపోతే యాప్‌కి గట్టి గ్రావెల్‌కీ దమ్ము చేసిన మడి పక్కన మెత్తటి గట్టుకీ తేడా తెలియదు. మన పల్లెల్లో చాలా గీతలకి ఆ ట్యాగ్ ఉండదు.

ఇంకా పెద్ద సమస్య వంతెనలు. కోనసీమలో అర కిలోమీటర్ వెళ్తే ఒక పంట బోదె, ఇంకాస్త వెళ్తే మురుగు కాలువ. కొన్నిచోట్ల కాంక్రీట్ వంతెన ఉంటుంది, కొన్నిచోట్ల తూము మీద సన్న గోడ, కొన్నిచోట్ల రెండు కొబ్బరి మానులు. మ్యాప్‌లో ఈ మూడూ ఒకే గీత. అక్కడ ఏమీ లేకపోయినా ఒక్కోసారి అదే గీత.

అందుకే రూట్ గీశాక నేను ఈ వరుసలో చెక్ చేస్తాను:

1. రూట్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి, నీళ్లు దాటే ప్రతి చోటా జూమ్ చేసి చూడటం. రెండు ఒడ్డుల మధ్య సన్నటి బూడిద రంగు గీత కనిపిస్తే వంతెన ఉన్నట్టు. అది కనిపించకపోతే, దాన్ని రూట్‌లోంచి తీసేయడమే.

2. ఆ ఫొటో ఎప్పటిదో చూసుకోవడం. గూగుల్ ఎర్త్‌లో తేదీ కనిపిస్తుంది. పాత ఫొటో అయితే యూరప్ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పిక్సెల్ 10 మీటర్లు కాబట్టి వంతెన కనిపించదు. కానీ గట్టు తెగి నీళ్లు చేలమీద పడితే తెలిసిపోతుంది. సుమారు ఐదు రోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది, మబ్బులు లేకపోతే.

3. స్ట్రావా హీట్‌మ్యాప్ చూడటం. ఎక్కువమంది తిరిగిన దారి వెలుగుతుంది. అయితే మన దగ్గర తక్కువమంది యాప్ వాడతారు. గీత వెలగలేదంటే దారి లేదని కాదు. వెలిగితే మాత్రం ఎవరో ఒకరు చక్రం తిప్పారని నమ్మకం.

4. అన్నిటికన్నా నమ్మకమైనది: లస్కరు. ఇరిగేషన్ వాళ్ల తరఫున కాలువ గట్లు, తూములు చూసుకునే మనిషి. "బాబూ, ఆ మలుపు దాటాక గండి పూడ్చే పని జరుగుతోందండి, ఎల్లకండి" అని ఒక్క మాట చెప్తాడు. ఆ మాట ఏ సర్వర్‌లోనూ ఉండదు.

కాలం కూడా చూస్కోండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. గట్టు ఎండి గట్టిగా ఉంటుంది కానీ పూడిక తీత, గట్టు పనులు జరిగేది కూడా అప్పుడే. జూన్‌లో నీళ్లు వదిలాక వర్షం పడితే మా ఒండ్రు మట్టి జిగురులా టైర్‌కి పట్టుకుంటుంది. పది నిమిషాల్లో చక్రం, మడ్‌గార్డ్ ఒకటైపోతాయి. జులై నుంచి సెప్టెంబర్ మధ్య ఏటిగట్టు మీదకి వెళ్లేముందు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూడటం తప్పనిసరి. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు ఏటిగట్టు రైడింగ్ రూట్ కాదు, ఊళ్లని కాపాడే గోడ. ఇసుక బస్తాలు మోసేవాళ్లకి అడ్డం పడకూడదు. మొదటి హెచ్చరిక పడిందంటే నా సైకిల్ ఇంట్లోనే.

రెండో విషయం: ఎత్తు. పలివెల సముద్రం కింద ఉందా?

ఇది చాలామందికి తెలియని, నాకు బాగా నచ్చిన విషయం. ఏదైనా రా జీపీఎస్ డేటా చూపించే యాప్ ఓపెన్ చేసి కోనసీమలో నిలబడండి. కొన్ని యాప్‌లు ఎత్తు సుమారు మైనస్ 70 మీటర్లని చూపిస్తాయి. ఫోన్ పాడవలేదు.

జీపీఎస్‌కి సముద్ర మట్టం తెలియదు. అది భూమిని నున్నటి గుడ్డు ఆకారం అనుకుని, ఆ ఊహా ఉపరితలం నుంచి ఎత్తు కొలుస్తుంది. అసలు సముద్ర మట్టం మాత్రం భూమి ఆకర్షణలో తేడాల వల్ల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రపంచం మొత్తంలో అది బాగా కిందికి కుంగిన చోటు మన దక్షిణాన హిందూ మహాసముద్రంలోనే ఉంది, అక్కడ 100 మీటర్లకి పైగా లోతు. ఆ కుంగుడు ప్రభావం మన తీరం దాకా ఉంటుంది. అందుకే సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల పైన ఉన్న మా ఊరు ఊహా గుడ్డు లెక్కలో పాతాళంలో కనిపిస్తుంది. మంచి యాప్‌లు ఈ తేడాని సరిచేసి చూపిస్తాయి, కొన్ని చేయవు.

ఇక "ఎలివేషన్ గెయిన్", అంటే రైడ్ మొత్తంలో ఎంత ఎత్తు ఎక్కారన్న లెక్క. బల్లపరుపుగా ఉన్న కోనసీమలో రైడ్ చేసినా కొన్ని యాప్‌లు చిన్నపాటి గుట్ట ఎక్కినట్టు చూపిస్తాయి. కారణం ఎత్తుల మ్యాప్. ఈ మ్యాప్‌ల్లో బాగా వాడేది 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచిన డేటా. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. రాడార్ తరంగాలు నేల దాకా దిగకుండా చాలావరకు చెట్ల తలల దగ్గరే వెనక్కి తిరుగుతాయి. అంటే కొబ్బరి తోట పక్కన వెళ్తే చెట్టు ఎక్కినట్టు, వరి చేను పక్కకి రాగానే దిగినట్టు లెక్క. అలా రోజంతా కొబ్బరి చెట్లు ఎక్కి దిగిన మీటర్లన్నీ కూడితే స్క్రీన్ మీద ఒక కొండ తయారవుతుంది! స్ట్రావాలో గొప్పగా కనిపించొచ్చు గానీ కాళ్లకి నిజం తెలుసు.

దీనికి మందు బారోమీటర్ సెన్సార్. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్కేస్తుంది. సముద్ర మట్టం దగ్గర సుమారు 8 మీటర్లు ఎక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. కాలువ గట్టు మీదనుంచి ఏటిగట్టు ఎక్కినా ఇది పట్టేస్తుంది, అంత సున్నితం. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఇది ఉండదు. స్పెసిఫికేషన్ పేజీలో "బారోమీటర్" అని ఉందో లేదో కొనేముందే చూస్కోండి.

బారోమీటర్‌కీ ఒక బలహీనత ఉంది. ఎత్తు మారకపోయినా వాతావరణం మారితే ఒత్తిడి మారుతుంది. మన లాంటి ఉష్ణ ప్రాంతాల్లో మామూలు రోజున కూడా ఉదయం పదింటికి ఎక్కువగా, సాయంత్రం నాలుగింటికి తక్కువగా ఉంటుంది. ఆ తేడా రెండు మూడు హెక్టోపాస్కల్స్. టేబుల్ మీద పెట్టిన ఫోన్ కూడా సాయంత్రానికి ఇరవై మీటర్లు ఎక్కినట్టు చెప్పొచ్చు. ఇక బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిన రోజు సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి రైడ్ మొదలెట్టే ముందు యాప్‌లో ఎత్తుని ఒకసారి క్యాలిబ్రేట్ చేస్కోండి.

కోనసీమలో ఇదంతా సరదా విషయమే. మారేడుమిల్లి ఘాట్‌లో కాదు. ఇంకా ఎంత ఎక్కాలో తెలిస్తేనే ఎన్ని నీళ్లు మిగుల్చుకోవాలో, చీకటి పడేలోపు దిగగలమో లేదో తెలుస్తుంది. ఘాట్‌కి వెళ్లేటప్పుడు ఎత్తుల గ్రాఫ్‌ని ముందే చూసుకుని, అది చూపించిన టైమ్ కన్నా సగం ఎక్కువ వేసుకోండి. అడవి గుబురుగా ఉన్నచోట కూడా రాడార్ డేటా చెట్ల తలలనే కొలుస్తుంది. చిన్న చిన్న ఎక్కుడు దిగుడులు గ్రాఫ్‌లో కనిపించవు.

మూడో విషయం: సిగ్నల్. రెండు సిగ్నళ్లు వేరు

"సిగ్నల్ లేదు, మ్యాప్ పనిచేయదు" అనేది బాగా పాతుకుపోయిన అపోహ. సెల్ టవర్ సిగ్నల్ వేరు, జీపీఎస్ సిగ్నల్ వేరు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ టైమ్ పంపిస్తుంటాయి. నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే చాలు, ఫోన్ తన చోటు లెక్కేస్తుంది. సిమ్ తీసేసినా పనిచేస్తుంది.

నెట్ సాయపడేది ఒక్క చోట. ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే సమాచారం ఆకాశం నుంచి సెకనుకి 50 బిట్ల వేగంతో వస్తుంది. అది పూర్తిగా అందడానికి అర నిమిషం పైనే పడుతుంది, మధ్యలో చెట్టు అడ్డొస్తే మళ్లీ మొదలు. నెట్ ఉంటే అదే సమాచారం క్షణంలో దిగుతుంది. అందుకని నెట్ ఉన్న చోట, ఆరుబయట, రికార్డింగ్ ఆన్ చేసి లొకేషన్ చుక్క స్థిరపడ్డాకే అడవిలోకి వెళ్లండి. అడవిలోకి వెళ్లాక ఫోన్‌ని రీస్టార్ట్ చేయకండి.

చెట్ల కింద చుక్క ఎందుకు గెంతుతుంది? తడి ఆకులు సిగ్నల్‌ని పీల్చేస్తాయి. కొండ గోడలకి తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ ఆలస్యంగా చేరుతుంది. ఇక్కడ ఒక మైక్రోసెకను తేడా అంటే 300 మీటర్ల తేడా. వంద మీటర్లు దాటిన రెడ్‌వుడ్‌ల కింద తొక్కేవాళ్లకి ఉన్న బాధే మన ఘాట్‌లోనూ ఉంటుంది. దీనికి బాగా పనికొచ్చేది డ్యుయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్. పాత ఎల్1 బ్యాండ్‌తో పాటు ఎల్5 బ్యాండ్ (1176.45 మెగాహెర్ట్జ్) కూడా వినగలిగే ఫోన్లు తిరిగొచ్చిన సిగ్నల్‌ని మెరుగ్గా వేరు చేస్తాయి. 2018లో షావోమీ ఎంఐ 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది. ఐఫోన్లలో 14 ప్రోతో మొదలైంది. మన ఇస్రో నావిక్ కూడా ఎల్5 వాడుతుంది. 2023 మేలో పంపిన ఎన్‌వీఎస్-01 నుంచి ఎల్1 కూడా చేరింది. మీ ఫోన్ ఏవి వింటోందో జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్‌లో చూడొచ్చు.

ఇక అసలు ప్రమాదం రెండో సిగ్నల్ లేకపోవడం. రంపచోడవరం దాటాక ఘాట్‌లో చాలాచోట్ల సెల్ నెట్‌వర్క్ ఉండదు. చుక్క మీరెక్కడున్నారో మీకు చెప్తుంది గానీ ఇంకెవరికీ చెప్పదు. 112 నంబర్ ఏ కంపెనీ టవర్ దొరికినా కలుస్తుంది, అసలు టవరే లేకపోతే అది కూడా కలవదు. విదేశీ వీడియోల్లో చూపించే శాటిలైట్ కమ్యూనికేటర్లు మన దేశంలో అనుమతి లేకుండా తేవడం, వాడటం నేరం. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి.

కాబట్టి పాత పద్ధతే గతి. బయల్దేరేముందు రూట్ జీపీఎక్స్ ఫైల్‌ని ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో పంపండి. "ఇన్ని గంటలకి ఫలానా చోట నుంచి ఫోన్ చేస్తాను, చేయకపోతే ఈ గీత వెంట వెతకండి" అని చెప్పండి. ఒంటరిగా వద్దు, కనీసం ముగ్గురు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఒకరు సిగ్నల్ ఉన్నచోటికి వెళ్తారు.

బ్యాటరీ, ఎండ, అదురు

బ్యాటరీని తినేది జీపీఎస్ కన్నా స్క్రీన్. ఎండలో బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి మ్యాప్ చూస్తూ తొక్కితే మధ్యాహ్నానికే ఫోన్ చేతులెత్తేస్తుంది. స్క్రీన్ ఆఫ్ చేసి, మలుపుల దగ్గర వాయిస్ వినండి, ఒక చెవికే ఇయర్‌బడ్. నెట్ లేని ఘాట్‌లో ఫోన్ టవర్ కోసం వెతుకుతూ ఛార్జ్ తగలేస్తుంది. అక్కడ ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి.

ఆండ్రాయిడ్‌లో ఇంకో సెట్టింగ్ ముఖ్యం. చాలా బ్రాండ్ల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌ని చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టకపోతే రైడ్ సగంలో రికార్డింగ్ ఆగిపోతుంది.

ఎండ: ఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పే గరిష్ఠ వాతావరణ వేడి 35 డిగ్రీలు. మన మే నెల దాన్ని పొద్దున్నే దాటేస్తుంది. నల్ల కేస్‌లో, హ్యాండిల్ మీద, నేరుగా ఎండలో పెడితే స్క్రీన్ మసకబారి, ఛార్జింగ్ ఆగిపోతుంది. తెల్లవారుజామున మొదలెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించడం ఫోన్‌కీ మీకూ మంచిది.

అదురు: మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్‌ని దెబ్బతీయొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజిన్ లేకపోయినా గంటల తరబడి గులకరాళ్ల మీద కుదుపులు కెమెరాకి మంచివి కావు. నా పద్ధతి: మంచి ఫోన్ జేబులో లేదా నడుముకి కట్టిన సంచిలో, కెమెరా పాడైనా బాధలేని పాత ఫోన్ హ్యాండిల్ మీద. పాత ఫోన్‌కి సిమ్ అక్కర్లేదు, ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంటే చాలు. హోల్డర్‌తో పాటు ఒక తాడు కూడా కట్టండి. ఐపీ68 అంటే నీళ్లని తట్టుకుంటుందనే, కాలువలో పడిన ఫోన్ పైకి తేలుతుందని కాదు.

రెండు రూట్లు

పలివెల – లొల్ల – వాడపల్లి: కొత్తవాళ్లకి ఇదే నా సలహా. పలివెల నుంచి కొత్తపేట మీదుగా ఉత్తరానికి, రావులపాలెం వైపు జాతీయ రహదారి దాటి లొల్ల లాకులు. అక్కణ్ణుంచి వాడపల్లి వెళ్లి గౌతమి ఏటిగట్టు చూసి రావచ్చు. ఓపిక ఉంటే ఆత్రేయపురం దాకా. పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చిన ఊరు, రైడ్‌లో షుగర్ తగ్గితే ఇంతకన్నా మంచి ఎనర్జీ బార్ లేదు. శనివారం మాత్రం వద్దు. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో ఆ దారులు కిక్కిరిసి ఉంటాయి. హైవే దాటేటప్పుడు సైకిల్ దిగి నడవండి. పడమటి వైపు వెళ్లాలనుకుంటే అంబాజీపేట మీదుగా పి.గన్నవరం అక్విడెక్ట్ మరో మంచి గమ్యం. 1850ల్లో 49 ఆర్చీల మీద వైనతేయ పాయని దాటిస్తూ కాలువని అవతలి లంకకి తీసుకెళ్లిన కట్టడం అది. నది మీద కాలువ! ఇంజినీరింగ్ పిచ్చి ఉన్నవాళ్లు తప్పక చూడాలి.

మారేడుమిల్లి ఘాట్: సైకిల్‌ని బండిలో వేసుకుని వెళ్లి అక్కడ మొదలెట్టండి. భద్రాచలం వైపు వెళ్లే ఘాట్ రోడ్డు తారుదే. గ్రావెల్ అంతా గూడేల వైపు చీలే దారుల్లో ఉంటుంది. ఈ ప్రాంతాన్ని ఆనుకునే పాపికొండలు నేషనల్ పార్క్ ఉంది. పార్క్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడం చట్టరీత్యా నేరం. మ్యాప్‌లో ట్రాక్ కనిపించినంత మాత్రాన అది మీకోసం కాదు. చెక్‌పోస్ట్ దగ్గర ఫారెస్ట్ వాళ్లని అడిగి, వాళ్లు సరే అన్న దారిలోనే వెళ్లండి. గూడేల్లో మనుషుల ఫొటోలు అడగకుండా తీయకండి. దిగేటప్పుడు మలుపుల్లో లారీలు వస్తాయి, ఇయర్‌బడ్ తీసేయండి.

చివరగా, బయల్దేరేముందు

- ఆఫ్‌లైన్ మ్యాప్ దింపారా? ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఓపెన్ అవుతోందో చూశారా?
- నీళ్లు దాటే ప్రతి చోటా వంతెన శాటిలైట్‌లో కనిపించిందా?
- ధవళేశ్వరం నీటిమట్టం, వాతావరణం చూశారా?
- యాప్‌కి బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్, ఎత్తు క్యాలిబ్రేషన్ అయ్యాయా?
- స్ట్రావాలో మీ ఇంటి దగ్గర మొదలు, చివర దాచే ప్రైవసీ సెట్టింగ్ ఆన్ చేశారా?
- రూట్ ఇంట్లో ఎవరి దగ్గర ఉంది? తిరిగొచ్చే టైమ్ చెప్పారా?
- రెండు లీటర్ల నీళ్లు, స్పేర్ ట్యూబ్, పంపు, లైట్ ఉన్నాయా?

కొత్త ఫోన్ కొనే ఆలోచనలో ఉంటే గ్రావెల్ రైడింగ్ కోసం చూడాల్సినవి మూడే: డ్యుయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్, బారోమీటర్, ఎండలో కనిపించే స్క్రీన్. మెగాపిక్సెళ్లు, గేమింగ్ స్కోర్లు ఇక్కడ పనికిరావు. కొనే ఆలోచన లేకపోతే ఇంకా మంచిది. ఉన్న ఫోన్‌తోనే ఈ ఆదివారం మీ ఊరి పుంతలో పది కిలోమీటర్లు తొక్కి, మ్యాప్‌లో దారి ఎక్కడ తప్పుగా ఉందో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సరిచేయండి. లేని వంతెనని మీరు తీసేస్తే, రేపు చీకటి పడే వేళ ఆ గీతని నమ్మి వచ్చే ఇంకో కుర్రాడు కాలువ ఒడ్డున ఆగిపోడు.